వేళ్లతో పని లేని పట్టు

మా ఇల్లు, వెనక గది
సోమవారం

బామ్మర్దికి,

ఈ గీతలు చూసి కోడి కెలికిన కాగితం అనుకోకు, రాసింది మీ బావే. ఆస్పత్రిలో చేతికి వ్యాయామాలు నేర్పే ఆవిడ ఒకరున్నారు. రోజూ ఒక పేజీ కుడి చేత్తోనే రాయాలని హుకుం జారీ చేశారు. పెన్నుకి లావుపాటి రబ్బరు తొడుగు వేసి ఇచ్చారు. బొటనవేలూ చిటికెనవేలూ పూర్తిగా ఉన్నాయి, మధ్యలో మూడూ సగానికి ఆగిపోయాయి. వీటి మధ్య పెన్ను నిలబడటమంటే తాగినవాడు గోడ పట్టుకుని నిలబడటమే. ఏం రాయమంటారు అని అడిగితే ఎవరికైనా ఉత్తరం రాయమన్నారు. ఈ రోజుల్లో ఉత్తరం చదివే ఓపిక ఎవరికుంది అన్నాను. ఒక్కరైనా ఉండరా అన్నారు. చెబితే తిట్టుకుంటావు, నువ్వే గుర్తొచ్చావు.

ఎలా జరిగిందో అందరికీ అటూ ఇటూ చేసి చెప్పాను. నీకు ఉన్నదున్నట్టు రాస్తాను. ప్రెస్సులో కాగితం కోసే మిషన్‌కి రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే కత్తి దిగుతుంది, చేతులు కింద ఉండకూడదనే ఆ ఏర్పాటు. నేను పని తొందరలో ఒక బటన్‌ని టేపుతో అతికించేశాను. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడికే అంత తెలివి వస్తుంది. తప్పు మిషన్‌ది కాదు, యజమానిది కాదు, నాది.

మ్యాట్ సంగతి మాత్రం ఎత్తకు. పదిహేడేళ్లు జియు జిత్సు కుస్తీ చేశాను, చాలు. పట్టుకోవడమే ఆ ఆటలో సగం. పైగా ఆట మొదలుపెట్టే ముందు ఎదుటివాడి చేతికి చెయ్యి తగిలించాలి కదా. ఈ చేతిని ఎవరూ ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. మీ అక్కకి కూడా కట్టు మార్చేటప్పుడు తప్ప చూపించను. అన్నం తినేటప్పుడు ఒడిలో తువ్వాలు కింద పెట్టుకుంటాను.

పేజీ నిండింది. జవాబు రాయి, కానీ ఒక షరతు. జాలి పడుతున్నట్టు ఒక్క వాక్యం కనపడినా ఉత్తరాలు ఆపేస్తాను.

మీ బావ


లిఫ్టు కంపెనీ, మెకానిక్‌ల గది
శుక్రవారం

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు పోల్చుకోవడానికి, రెండోసారి అర్థం చేసుకోవడానికి, మూడోసారి మా ఆవిడకి వినిపించడానికి. తన చేతికి వచ్చి ఉంటే మందుల చీటీ అనుకుని దుకాణంలో ఇచ్చేసేదట, ఆవిడ మాట.

జాలి పడే తీరిక నాకు లేదు. నాకే ఒక చిక్కొచ్చి పడింది, నువ్వే తీర్చాలి. మూడు నెలల్లో ఈ ఊళ్లో మా ప్రాక్టీస్ హాల్లో పోటీ ఉంది. నా గొడవంతా నార్త్-సౌత్ దగ్గరే. నీకు చెప్పేదేముంది, ఆ పట్టులో నువ్వు నన్ను ఎన్నేళ్లు నలిపావో. మా ఆవిడకి మాత్రం వివరించాల్సి వచ్చింది. కిందవాడు వెల్లకిలా పడి ఉంటాడు. పైవాడు అతని తల వైపు నుంచి బోర్లా పడుకుంటాడు, ఛాతీ మీద ఛాతీ. ఒకడి కాళ్లు ఉత్తరానికుంటే ఇంకొకడి కాళ్లు దక్షిణానికి. బరువుతో అణిచిపెట్టి, అక్కడి నుంచే మెడ చుట్టూ చెయ్యి వేసి చోక్ బిగించాలి. ఇంతా విని, ఇదేనా మీరు డబ్బులిచ్చి చేయించుకునేది అంది.

నేను పైకెక్కుతాను, అందరూ కింద నుంచి జారిపోతారు. ఈ పట్టు నేర్పే వీడియో పాఠాలు నాలుగు దొరికాయి. మా మాస్టారేమో ఒకటే ఎంచుకో, నలుగురి మాటా వింటే నాలుగూ చెడతాయి అన్నారు. నాకు పొద్దున్నుంచీ లిఫ్టులతోనే సరిపోతోంది, ఇంతవరకూ ఒక్కటీ తెరిచి చూడలేదు. నువ్వు ఇంట్లోనే ఉన్నావు. నా ఖాతా వివరాలు అక్క ఫోన్‌కి పంపాను. నాలుగూ చూసి ఏది నేర్చుకోవాలో చెప్పు. నువ్వు ఏది చెబితే అదే.

నీ బామ్మర్ది


మా ఇల్లు, వెనక గది
గురువారం

బామ్మర్దికి,

మ్యాట్ సంగతి ఎత్తకురా అంటే ఏకంగా నా నెత్తినే పరిచావు. నేను చూడను అని మీ అక్కతో ఖరాఖండీగా చెప్పాను. చెప్పి ఫోన్ తీసుకుని ఈ గదిలోకి వచ్చి నాలుగు రోజులుగా అదే చూస్తున్నాను. విను.

మొదటాయన పేరు నాకు అక్కర్లేదు, తొందరాయన అందాం. నార్త్-సౌత్ మొత్తం పదకొండు నిమిషాల్లో తేల్చేశాడు. కెమెరా ఆయన కాళ్ల దగ్గర పెట్టారు, పని జరిగేది భుజం దగ్గర. మన ప్రెస్సులో కుట్టు ఎలా వేశారో చూపించమంటే అట్ట చూపించినట్టుంది. తీసి పక్కన పెట్టు.

మూడోవాడు ఉపన్యాసకుడు. ఈ పట్టు ఎక్కడ పుట్టింది, ఎవరు ఎవరికి నేర్పారు, గురుత్వం ఎలా పనిచేస్తుంది, అన్నీ చెబుతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. నలభై నిమిషాలయ్యాక గానీ పడుకోలేదు ఆ మహానుభావుడు. అప్పటికి నేను పడుకున్నాను.

రెండోది గడ్డం మాస్టారిది. బాగుంది. కిందవాడి మొహం వైపు నుంచి ఒకసారి, వీపు వైపు నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూపిస్తాడు. చేసిన తప్పులు కూడా దాచకుండా చూపిస్తాడు, నాకు అదే నచ్చింది. ఆయన చేతులు నీలాగే పొడుగు, సన్నం. అలాంటి చెయ్యి మెడ చుట్టూ వేస్తే చేతికీ మెడకీ మధ్య కొంచెం ఖాళీ మిగులుతుంది. రెండు అరచేతులూ కలిపి గట్టిగా బిగించి, ఆ ఖాళీని లాగేస్తాడు. నీకు కుట్టించిన చొక్కాలా సరిపోతుంది.

నాలుగోది ఒక మేడం పాఠం. పొట్టిగా గట్టిగా ఉంటుంది. చేతులు అసలు కలపదు. చెయ్యి మెడ కింద నుంచి తిప్పి వదిలేస్తుంది, మోచెయ్యి తన పక్కకి చేర్చుకుంటుంది, చెవి నేలకి ఆనిస్తుంది, నడుము దించుతుంది. అంతే. బిగించేది దండచెయ్యీ, ఛాతీ, బరువూ. వేళ్లకి పనేమీ లేదు, అరచెయ్యి ఊరికే నేల మీద పడి ఉంటుంది. చక్కగా చెప్పింది గానీ అది నీకు పనికిరాదు. నీ దండచెయ్యికీ ఆవిడ దండచెయ్యికీ పోలికే లేదు.

కాబట్టి గడ్డం మాస్టారు. ఇంక నన్ను వదిలెయ్.

బావ

తా.క. మూడు పేజీలు అయ్యాయి. వ్యాయామాల ఆవిడ ఒక పేజీయే అడిగారు.


లిఫ్టు కంపెనీ, మెకానిక్‌ల గది
మంగళవారం

బావకి,

ఇంత శ్రద్ధగా చూసి రాసినందుకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మూడో ఆయన గురించి చదివి గదిలో ఒక్కడినే నవ్వుకున్నాను.

కానీ ఒక మాట. నాకెందుకో నాలుగో మేడం పాఠమే మంచిదనిపిస్తోంది. నువ్వు రాసింది చదివితేనే అలా అనిపించింది. నాకు అరచేతులు చెమట పడతాయి, కలిపి పట్టుకుంటే జారిపోతాయి. పైగా గ్రీజు చేతులు, ఎంత కడిగినా జిడ్డు వదలదు. చేతులతో పని లేకుండా పట్టు పడితే అంతకంటే ఏం కావాలి. దండచెయ్యి అంటావా, మూడు నెలల్లో కొంచెం లావెక్కిస్తాను.

నువ్వు ఆ మేడం పాఠం ఇంకోసారి, నింపాదిగా, వీలైతే చేసి చూసి చెప్పవా. తొందరేమీ లేదు.

నీ బామ్మర్ది


మా ఇల్లు, ముందు గది
ఆదివారం

బామ్మర్దికి,

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అన్నట్టుంది నీ వరస. నువ్వే చూసి చెప్పమన్నావు, నువ్వు ఏది చెబితే అదే అన్నావు, చెప్పాక అది కాదంటున్నావు. దండచెయ్యి మూడు నెలల్లో లావెక్కుతుందా? నీకు పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లలో నీ చెయ్యి ఒక్క అంగుళం లావెక్కితే చూపించు. గడ్డం మాస్టారు కొలత పెట్టి కుట్టించినట్టు నీకు దొరికితే, నీకేమో మేడం కావాలి.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను. ఆ పాఠం ఆరుసార్లు చూశాను, అది నీకు ఎందుకు పనికిరాదో నిరూపించడానికే. చూసిన కొద్దీ ఒక అనుమానం. మోచెయ్యి పక్కకి చేర్చుకున్నాక ఆవిడ భుజం ఒక్కసారి కిందకి దించుతుంది, అది కెమెరాలో సరిగ్గా కనపడదు. నిజంగా బిగుస్తుందా, లేక కిందవాడు మొహమాటానికి ట్యాప్ చేసి, చేత్తో తట్టి, ఓటమి ఒప్పుకుంటున్నాడా? ఇరవై ఏళ్లలో పుస్తకం తెరిచి, విరిచి చూడకుండా ఒక్క నమూనా కూడా నేను బయటికి పంపలేదు. చేసి చూడకుండా నీకు చెప్పలేను.

పరుపు చుట్టి చూశాను. పరుపుకి మెడ ఎక్కడుంది? మీ అక్క తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తోంది. చూసి చూసి, ఎంతసేపు దానితో కుస్తీ, నేను పడుకుంటాను అంది. నేను వద్దన్నాను. పడుకుంది. నీకు తెలుసు కదా మీ అక్క సంగతి, పడుకుంటానంటే పడుకుంటుంది.

మెల్లగా వేశాను. చెయ్యి తిప్పాను, మోచెయ్యి చేర్చాను, చెవి నేలకి ఆనించాను. నడుము దించే లోపలే వీపు మీద మూడుసార్లు గట్టిగా తట్టింది. వదిలేసి అదిరిపోయి లేచాను. మీ అక్క లేచి కూర్చుని మెడ తడుముకుంటూ ఏమందో రాస్తాను.

"బాగానే పట్టుకున్నావు. దేంతో పట్టుకున్నావు అసలు?"

అప్పుడు చూసుకున్నాను. కుడి చెయ్యి వేశాను, అలవాటు కొద్దీ. ఆవిడ నా చెయ్యి అందుకుని దండ దగ్గర నుంచి మణికట్టు దాకా తడిమి చూసింది, ఎక్కడ బిగించానో తెలుసుకోవడానికి. మొండి వేళ్ల దగ్గరికి వచ్చి అక్కడ కూడా అలాగే చూసింది, మిగతా చెయ్యి చూసినట్టే. నేను లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో తెలీదు. తర్వాత, ఇప్పుడు నాకు నేర్పు, నేను నీ మీద వేస్తాను అంది. వేసింది కూడా. గాలి ఆగలేదు గానీ ముక్కు నలిగింది.

పాఠం నిజమే. బిగుస్తుంది. కానీ పొట్టివాళ్లకి, లావు చేతులవాళ్లకి. మళ్లీ చెబుతున్నాను, నీకు కాదు.

బావ


మా ఇల్లు, వెనక గది
మంగళవారం

నీకు,

ఇన్నాళ్లూ పాఠాలు మీ అక్క ఫోన్లో చూశాను. నిన్న పెద్దగా కనపడుతుందని కంప్యూటర్లో తెరిచాను. అందులో ఏ పాఠం ఎప్పుడు చూశారో పక్కనే టిక్కు పెట్టి తేదీతో సహా ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ పని.

గడ్డం మాస్టారి పాఠం పక్కన నేను చూసిన తేదీలే ఉన్నాయి. మేడం పాఠం పక్కన పాత తేదీలు కూడా ఉన్నాయి. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క ముక్క వదలకుండా, రెండు రోజులు. ఆ రెండు రోజులు ఏవో నీకు గుర్తుందా? నా ఆపరేషన్ రోజూ, దాని మర్నాడూ.

ఒక్కటీ తెరిచి చూడలేదని రాశావు. చెమట అన్నావు, గ్రీజు అన్నావు. పోటీ కూడా లేదనుకుంటాను. జాలి వద్దని నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. నన్ను కూర్చోబెట్టి చిన్నపిల్లాడికి బొమ్మ చూపించినట్టు వీడియోలు చూపించావు. నేను నీకోసం ఆలోచిస్తున్నాననుకుని నీ చేతుల పొడుగు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఇంక రాయను.


మా ఇల్లు, వంటింటి బల్ల
శనివారం

బావకి,

నువ్వు రాసిందంతా నిజం. పోటీ లేదు. మేడం పాఠం నేను ముందే చూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాబట్టి దాచే ప్రయత్నం చెయ్యను. కానీ జాలి అన్నావు చూడు, అది మాత్రం తప్పు. అదేంటో చెప్పాలంటే నీకు తెలిసిందే మళ్లీ చెప్పాలి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఈ ఉద్యోగం వచ్చింది. మూడో రోజు లిఫ్టు కింద గుంటలోకి దింపారు. నాలుగడుగుల లోతు, చుట్టూ గోడలు, నెత్తి మీద లిఫ్టు. ఆ గోడలు నన్ను నొక్కేస్తున్నట్టనిపించింది. గోడ గీరుకుంటూ పైకొచ్చి, టూల్స్ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. ఉద్యోగం మానేస్తానని అక్కతో చెప్పి ఏడ్చాను. అక్క నీకు చెప్పింది. నువ్వు సాయంత్రం బట్టలు తెచ్చుకోమని హాలుకి తీసుకెళ్లావు. వెల్లకిలా పడుకోబెట్టి నా మీద నార్త్-సౌత్‌లో పడుకున్నావు, తొంభై కిలోలూ.

ఊపిరాడట్లేదు అని అరిచాను. నువ్వేమన్నావో నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది.

"మాట్లాడుతున్నావంటే ఆడుతోందన్నమాటే. తొందరపడకు. ముక్కుతో కొంచెం కొంచెం తీసుకో. నేనెక్కడికీ పోను."

రెండు నెలలు, వారానికి నాలుగు రోజులు. ఒకరోజు నీ కింద నిద్రపోయాను, గుర్తుందా? గురక వినిపించి లేచావు. ఆ మర్నాడు గుంటలోకి దిగాను. అప్పటి నుంచి పదిహేనేళ్లుగా దిగుతున్నాను. నా ఇల్లు, నా పెళ్లి, నా పిల్ల తినే తిండి, అన్నీ ఆ రెండు నెలల మీద నిలబడ్డవే. ఇది నీతో ఎప్పుడూ అనలేదు. నీ ముందు అలాంటి మాటలు అంటే చెవి మెలేస్తావని భయం.

ఆ రోజు ఆస్పత్రి వరండాలో డాక్టరు వచ్చి ఏ వేళ్లు పోయాయో చెప్పారు. అక్క ఏడుస్తోంది. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? బావ ఇప్పుడు చోక్‌కి చేతులు ఎలా కలుపుతాడు అని. సిగ్గేసింది, కానీ అదే వచ్చింది. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను. వేళ్లు అక్కర్లేని పట్టు ఎవరైనా నేర్పుతారా అని. ఆ రాత్రికి ఆ మేడం దొరికింది, మర్నాడు మళ్లీ మొత్తం చూశాను. నేరుగా నీకు చూడమని పంపితే ఫోన్ గోడకేసి కొడతావు. నీకోసం నువ్వు ఏదీ చెయ్యవు, ఎవరైనా అడిగితే కాదనలేవు. అందుకే అడిగాను. నాకు సరిపోయేది ఏదో అంత నిజాయితీగా వెతుకుతావని, చివరికి మేడంని కాదంటావని నేను అనుకోలేదు. నీ గురించి ఇన్నేళ్లుగా తెలిసి కూడా అక్కడే పప్పులో కాలేశాను.

అబద్ధం ఆడినందుకు తిట్టు, పడతాను. కానీ అది జాలి కాదు బావా. నీకు నేను ఎంతో రుణపడి ఉన్నాను, తీర్చే దారి తెలీక అలా చేశాను.

నీ బామ్మర్ది


ప్రాక్టీస్ హాలు మెట్లు
బుధవారం

ఒరేయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. ఐదు రోజులు కోపంగానే ఉన్నాను. ఆరో రోజు మీ అక్క నా బట్టల సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. ఇంకో ఐదు రోజులు ఆ సంచీని దాటుకుంటూ తిరిగాను. ఇవాళ కాలికి తగిలి పడబోయాను. పడేకంటే తీసుకెళ్లడం మేలనిపించింది.

హాలు తలుపు దగ్గర జేబులో చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మాస్టారు చూశారు. ఆ మూల ఖాళీగా ఉంది, ఒళ్లు కాగాక మొదలుపెట్టు అన్నారు, నిన్ననే వచ్చి వెళ్లినవాడితో అన్నట్టు.

నాతో ఆడటానికి పళ్ల డాక్టరు వచ్చాడు, బక్కపలచటి మనిషి, నువ్వు ఈ ఊరు వదిలి వెళ్లాక చేరాడు. మోకాళ్ల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ఎడమ చెయ్యి చాపాను. అతను కుడి చెయ్యి చాపి అలాగే ఉంచాడు. మొహంలో నవ్వు లేదు, దయా లేదు, వరసలో నిలబడి తన వంతు కోసం చూసే మనిషిలా ఉన్నాడు. ఎంతసేపని అలా కూర్చుంటాను? ఇచ్చాను. తగిలించాడు, మొదలుపెట్టాడు. అంతే జరిగింది. ఇన్ని వారాలుగా నేను భయపడింది ఇంత చిన్న దానికి.

ఆరు నిమిషాల్లో మూడుసార్లు నన్ను ఓడించాడు. నార్త్-సౌత్ దొరికింది గానీ మేడం చెప్పిన భుజం దించడం మరిచిపోయాను, జారిపోయాడు. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఇక్కడ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను, చెమట కాగితం మీద పడుతోంది. ఒక సంగతి చెప్పనా? ఆ ఆరు నిమిషాలూ చెయ్యి గురించి నాకు గుర్తే లేదు. ప్రమాదం తర్వాత మేలుకుని ఉండగా దాన్ని మరిచిపోవడం ఇదే మొదలు.

రుణం అన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో. నీ మీద పడుకోవడానికి నేనేం కష్టపడ్డాను, మెత్తగానే ఉండేవాడివి. కష్టపడింది నువ్వు. కానీ ఆస్పత్రి వరండాలో మీ అక్క పక్కన కూర్చుని నువ్వు ఫోన్లో వెతుకుతూ ఉండటం ఇప్పుడు నా కళ్లకి కడుతోంది. అందరూ నాకేం పోయిందో ఆలోచిస్తున్నప్పుడు నువ్వొక్కడివే నేను ఇంకా ఏం చెయ్యగలనో ఆలోచించావు. దానికి థాంక్స్ అనే మాట సరిపోదు. వేరే మాట నాకు రాదు. థాంక్స్ రా.

ఇంక నా తీర్పు విను. మేడం పాఠం నాది. గడ్డం మాస్టారి పాఠం నీది, నేర్చుకుంటావో చస్తావో. పోటీ ఉందన్నావు కదా, ఇప్పుడు ఉంది. వచ్చే నెల మూడో ఆదివారం, ఇదే హాలు, నువ్వూ నేనూ. మాస్టారితో చెప్పేశాను. పిండి బొమ్మలా వచ్చి పడుకున్నావో, మీ అక్క నీ సంగతి చూస్తుంది. ఆవిడకి ఇప్పుడు చోక్ కూడా వచ్చు.

బావ


మా ఇల్లు, ముందు గది
సోమవారం

బామ్మర్దికి,

నిన్న నువ్వు బస్సెక్కే ముందు అడుగుదామనుకున్నాను. మీ అక్క, మీ ఆవిడ, మీ పిల్ల, అందరూ ఉన్నారు. అందుకే ఉత్తరంలో అడుగుతున్నాను.

నాలుగో నిమిషంలో ట్యాప్ చేశావు. అందరూ చప్పట్లు కొట్టారు, మాస్టారు నా భుజం తట్టారు, మీ అక్క కళ్లు తుడుచుకుంది. హాలు దాటక ముందే నాకు అనుమానం పట్టుకుంది. ఆ పట్టులో పైవాడికి కిందవాడి మొహం కనపడదు. నా చెవి నేలకి ఆని ఉంది, నాకు కనపడింది గోడ ఒక్కటే. నువ్వు నిజంగా ఇరుక్కున్నావా, లేక అంతమంది ముందు బావని గెలిపిద్దామనుకున్నావా, నాకు తెలిసే దారి లేదు.

ఒకసారి నాతో అబద్ధం ఆడావు, మంచికే ఆడావు, క్షమించాను. ఇంకోసారి ఆడితే ఈ చేతికి ఏం వచ్చో ఏం రాదో నాకు ఎప్పటికీ తెలీదు. గెలుపు అక్కర్లేదు, నిజం కావాలి. మీ పిల్ల మీద ఒట్టు పెట్టకు, అలాంటివి నాకు నచ్చవు. ఉన్నదున్నట్టు రాయి, చాలు.

బావ


లిఫ్టు కంపెనీ, మెకానిక్‌ల గది
గురువారం

బావకి,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

వచ్చేటప్పుడు బస్సులో మా ఆవిడ, ఎలాగూ ఓడిపోతావు కదా, అన్నయ్యకి సంతోషంగా ఉంటుంది అంది. నిజం చెప్పాలంటే అప్పటికి నేనూ ఎటూ తేల్చుకోలేదు. కానీ మ్యాట్ మీద కూర్చుని చేతులు తగిలించాక నీ కళ్లు చూశాను. నన్ను నలిపెయ్యడానికి వచ్చినట్టున్నాయి. ఇంక దయ చూపించే ఆలోచన పోయింది, బతికి బయటపడితే చాలనిపించింది.

నువ్వు పైకి వచ్చినప్పుడు నేను భయపడలేదు. నీ పట్టు నాకు తెలుసు కదా. పదిహేనేళ్లుగా నువ్వు చోక్ వెయ్యాలంటే ముందు రెండు చేతులూ కలిపేవాడివి. కలపడానికి ఛాతీ ఒక్క పిసరు పైకి లేస్తుంది. ఆ సందులో మోచెయ్యి దూర్చి తిరగబడాలి. అది ఒక్కటే దారి, నీ మీద నాకు తెలిసిన రహస్యం అదే. నీతో ఎప్పుడూ చెప్పలేదు, అవసరానికి దాచుకున్నాను. మెడ చుట్టూ చెయ్యి పడగానే ఆ సందు కోసం చూశాను. చూస్తూనే ఉన్నాను. నువ్వు చేతులు కలపలేదు. ఛాతీ లేవలేదు. భుజం దిగింది, అంతే. కాళ్లతో తన్నాను, నడుము ఎత్తాను, నీ తుంటి నెట్టాను. చెవుల్లో హోరు మొదలైంది, కళ్ల ముందు చుక్కలొచ్చాయి. అప్పుడు తట్టాను. ఇంకొక్క క్షణం ఆగితే తట్టడానికి కూడా ఉండేవాడిని కాదు.

వేళ్లున్నప్పటి నీ పట్టు నుంచి తప్పించుకునే దారి నాకు తెలుసు. ఇప్పటి పట్టుకి తెలీదు బావా. ఒట్టు పెట్టట్లేదు, తెలీదని ఒప్పుకుంటున్నాను.

నాలుగు రోజులుగా మెడ ఎడమ వైపుకి తిరగడం లేదు. ఇవాళ గుంటలో నుంచి పైకి చూడాల్సి వస్తే నడుము దగ్గర నుంచి ఒళ్లంతా వెనక్కి వంచాను. పైన నిలబడ్డ కొత్త మెకానిక్ కంగారుపడి ఏమైందన్నా, ఎక్కడైనా పడ్డావా అని అడిగాడు. పడలేదు, మా బావ మెడ పట్టుకున్నాడు అని చెప్పాను. నమ్మలేదు, మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

నీ బామ్మర్ది